వెనక సంచి గింజలు

ఆ వానల్లో మా కొండ జారిందనీ, పై వరుస ఇళ్ళు మట్టిలో కలిసిపోయాయనీ మావైపు అందరికీ తెలుసు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇప్పటికీ వేలు పెట్టి చూపిస్తారు. నేను చెప్పేది దానికి ముందు గడిచిన ఎండాకాలం సంగతి. ఆ ఎండాకాలంలో చాలా రోజులు మా ఇంట్లో అందరం నవ్వు మొహాలతో తిరిగాం. తలుచుకుంటే నాకు కొండ జారడం కంటే అదే ఎక్కువ భయం వేస్తుంది.

కొండ మీది పైన్ అడవి అంతకు ముందు ఏడాది తగలబడింది. బూడిద గాలికి పోయాక ఎర్రమట్టీ, రాళ్ళూ, కాలిన మోళ్ళూ మిగిలాయి. ఎండ ముదిరితే రాళ్ళు వాటంతటవే కదిలేవి. పై వరుసలో చివరి ఇల్లు మా మేనత్తది. ఒంటరి మనిషి, కుట్టుపని చేసుకుని బతికేది. రేకుల కప్పు మీద గులకరాళ్ళు టకటకా పడుతుంటే, "పైనించి గిరాకీ వచ్చిందే, వెళ్ళి తలుపు తియ్యి," అని నాతో వేళాకోళం ఆడేది. మిషను మాత్రం ఆపేది కాదు.

అటవీ ఆఫీసరు వచ్చి, బడి ఆవరణలో జనాన్ని కూర్చోబెట్టి, వానలు మొదలయ్యేలోపు పై వరుస ఖాళీ చేసి వాగుకి ఇవతల బడి భవనంలో ఉండమన్నాడు. జనం గొణిగారు. అప్పుడు మా నాన్న లేచాడు. వాగుకి ఇవతలే ఉన్న అటవీ నర్సరీకి నాన్న పెద్ద. మేం ఉండేది కూడా ఆ ప్రహరీ లోపలే.

"ఖాళీ ఎందుకండీ? వానలకి ముందే కొండంతా మొక్క నాటిస్తాను. గుంటల్లో మట్టి బిగించి, పైన కొమ్మలు పరిపించి ఇస్తాను. పూచీ నాది," అన్నాడు.

"పూచీ మీరిస్తారు. కొండ ఇస్తుందా?" అన్నాడు ఆఫీసరు.

జనం ఆఫీసరు మీద గయ్యిమన్నారు. మా అత్త లేచి, "మా అన్నయ్య అన్నాడంటే అయినట్టే," అని చీర కొంగు దులుపుకుని ఇంటికి నడిచింది. ఆవిడ వెనకే పై వరుసంతా నడిచింది. సామాన్లు మూటలు కట్టుకున్నవాళ్ళు విప్పుకున్నారు. నాన్న అప్పటిదాకా ఎవరికీ మాట తప్పి ఎరగడు. అదే వచ్చిన చిక్కు.

మొక్క వెయ్యాలంటే గింజ కావాలి. ఆ రాతినేలలో వేరే కొండల గింజ నాటుకోదు. ఆ కొండ చెట్ల గింజ, అడవి కాలక ముందు నాన్న కాయలు కోయించి ఆరబెట్టి దాచింది, రెండు సంచులు ఉంది. ముందు సంచి, వెనక సంచి. ముందు సంచి చల్లి, ఆ నారు కాండం గట్టిపడేదాకా వెనక సంచి మూతి విప్పకూడదు. మా నర్సరీలో అది అన్నం ముందు చేతులు కడుక్కున్నంత మామూలు. చిన్నప్పుడు ఆటలో నేను ఆ ముడి లాగబోతే నాన్న నా వీపు విమానం మోత మోగించాడు.

పైన్ గింజ మొండిది. తడి ఇసుకలో చల్లగా పడుకోబెట్టి, బతిమాలి లేపాలి. లేవడం కూడా అన్నీ ఒకసారి లేవవు. కొన్ని ఇప్పుడు లేస్తాయి, కొన్ని పై వారం ఒళ్ళు విరుచుకుంటాయి, కొన్ని మనం ఆశ వదులుకున్నాక తల ఎత్తుతాయి. ఆ లెక్కన వానలకి ముందు నారు అందదని నాన్నకి తెలుసు. తెలిసే పూచీ పడ్డాడు. ఎందుకంటే ఆయన దగ్గర మా అక్క ఉంది.

అక్క నగరంలో పరిశోధనశాలలో పని చేసేది. గింజల మీద లేజరు వెలుగు పడేసి వాటిని తొందరగా మొలకెత్తించడం ఆవిడ పని. నాన్న ఫోను చేసి చేసి పిలిపించాడు. అక్క బస్సు దిగడం ఆలస్యం, నాన్న ఆవిడ చేతిలో పెట్టె లాక్కున్నాడు.

"ఇదేనా? ఇంత బుల్లి డబ్బా కొండని లేపుతుందా?"

"కొండని కాదు నాన్నా, గింజని. అదీ లేస్తేనే."

గింజల గదికి నల్లగుడ్డలు కట్టాం. అందరికీ నల్ల కళ్ళద్దాలు ఇచ్చింది అక్క. ట్రేలో ఒక్క వరసగా పరిచిన గింజల మీద సన్నటి ఎర్రగీత మెల్లగా పాకుతూ పోయేది. చప్పుడు లేదు, వేడి లేదు. అమ్మ గుమ్మంలో నిలబడి, "గింజలకి జ్వరం చూస్తున్నట్టుందే," అంది. అందరం నవ్వాం.

ముందు సంచి అయిపోయాక అక్క కళ్ళద్దాలు తీసి నాన్న వైపు తిరిగింది. "వెలుగు తక్కువ పడితే ఏమీ కాదు. ఎక్కువైతే గింజ చస్తుంది. సరిగ్గా పడితే తొందరగా లేస్తుంది, మొక్క కూడా చురుగ్గా పెరుగుతుంది. వేరే గింజల మీద చూశాం. ఈ కొండ గింజ మీద ఎవరూ చూడలేదు. లేచాక దీని సంగతేమిటో నాకూ తెలీదు. అందుకని వెనక సంచి జోలికి మాత్రం పోవద్దు. ఆ గింజకి వెలుగు చూపించొద్దు."

"నాకా చెప్తున్నావు? నీకు నేర్పిందే నేను," అన్నాడు నాన్న.

వారం తిరక్కుండా గాజు షెడ్డులో మట్టి పగిలింది. లేవడమంటే మామూలుగా లేవడం కాదు. గింజ తొక్కల్ని టోపీల్లా నెత్తిన పెట్టుకుని, దువ్వెనతో దువ్వినట్టు, అన్నీ ఒక్క ఎత్తున లేచి నిలబడ్డాయి. నాన్నకి పట్టపగ్గాల్లేవు. ట్రేల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని పెళ్ళికొడుకు తండ్రిలా తిరిగేవాడు. వీధి వీధంతా చూడటానికి వచ్చింది. అత్త ఒక మొక్క నెత్తి మీది తొక్కని గోటితో ముట్టుకుని, "వీడు మా ఇంటి పైన నిలబడతాడు," అంది. ఆవిడ గొంతులో ఉన్న నమ్మకానికి నాకు ఆనందమే వేసింది, అబద్ధమెందుకు.

అక్క మళ్ళీ వస్తానని పెట్టెని గింజల గదిలోనే ఉంచి వెనక్కి వెళ్తూ, "నీళ్ళు తగ్గించండి, గాలి ఆడనివ్వండి," అని చెప్పింది. నాన్న తలాడించాడు. ఆవిడ బస్సు మలుపు తిరగ్గానే, నారు ఇంకా తొందరగా ఎదగాలని, షెడ్డు కిటికీలు మూసి రెండో పూట నీళ్ళు పట్టాడు.

నేను కొండ మీద గుంటలు తవ్వే ముఠాతో వెళ్ళేదాన్ని. ఒక్కో గుంట మోకాలి లోతు. వాలు కింద నించి మొదలుపెట్టి అత్త ఇంటి నెత్తి దాకా తవ్వుకుంటూ పోయాం. తవ్విన చోటల్లా బిగువుగా ఉన్న మట్టి వదులై కిందికి రాలేది. ముఠా మేస్త్రీ పలుగు మీద గడ్డం ఆనించి కొండంతా ఒకసారి చూసి, "అమ్మాయ్, ఇన్ని నోళ్ళు తెరిచి పెడుతున్నాం. మీ నాన్న మేత పెడతాడుగా?" అన్నాడు.

"పెట్టకపోతే?"

"పెట్టకపోతే వాన పెడుతుంది," అని మళ్ళీ పలుగు ఎత్తాడు.

గుంటలు నారు కంటే ఎక్కువయ్యాయి. ఆ మాట నేనే ఇంట్లో అన్నాను. తర్వాత రెండు మూడు రోజులకి కొండ దిగి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. గింజల గది తలుపు చేరవేసి ఉంది. తోసి చూస్తే అమ్మా నాన్నా ఇద్దరూ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, పీటలు వేసుకుని, ఎర్రగీత ముందు కూర్చుని ఉన్నారు. ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి. పెళ్ళయిన కొత్తలో కూడా అంత దగ్గరగా కూర్చుని ఉండరు.

"రావే, నీకూ ఒక జత ఉంది," అంది అమ్మ.

"అవేం గింజలు నాన్నా?"

నాన్న ఇటు తిరగలేదు. అమ్మ పీట మీద మెత్తగా ఉండటానికి ఏదో మడిచి వేసుకుంది. అది వెనక సంచి. ఖాళీది.

"గుంటలు ఎక్కువున్నాయన్నావుగా. మూల పడేసి ఏం చేసుకోను? ఎలా లేచాయో నువ్వూ చూశావు," అన్నాడు నాన్న.

"అక్కకి చెప్పావా?"

"వచ్చి కళ్ళారా చూసుకుంటుందిలే. నువ్వు తలుపు మూసి రా, బయటి వెలుగు పడుతోంది."

నా నలభై ఏళ్ళ బతుకులో నాన్న నర్సరీ నియమం తప్పడం చూసింది ఆ ఒక్కసారే. అది కూడా ఆశ కొద్దీ తప్పాడు, ఒళ్ళు బద్ధకానికి కాదు. ఆ గింజలూ లేచాయి. అంతే జోరుగా, అంతే సమంగా లేచాయి. షెడ్డులో నడిచే దారి కూడా మిగల్లేదు.

అక్క మళ్ళీ వచ్చినప్పుడు ముందు చాలా సంతోషపడింది. రెండు చేతులూ నారు మీద గాల్లో ఆడిస్తూ ఆ చివరిదాకా నడిచింది. అక్కడ ఆగింది.

"ఇవి మొన్న లేవు. ఎక్కడివి?"

అమ్మే చెప్పింది, "అవేనే, ఆ రెండో సంచివి. ఎంత బాగొచ్చాయో చూడు."

అక్క అరుస్తుందనుకున్నాను. అరవలేదు. వెళ్ళి ఒక్కో కిటికీ తెరుచుకుంటూ వచ్చింది. అన్నీ తెరిచాక నాన్న ఎదురుగా నిలబడి, చిన్న గొంతుతో, "ఇంకెక్కడైనా దాచావా నాన్నా? గుప్పెడు?" అని అడిగింది.

"లేదు."

"ఇవన్నీ దాదాపు ఒకే ఈడువి. అన్నిటి మెడలూ ఒకేసారి లేతగా ఉన్నాయి. ఏ జబ్బొచ్చినా అన్నిటికీ ఒకేసారి వస్తుంది. వెలుగు చూడని గింజలైతే ఒకటి ముందూ ఒకటి వెనకా లేచేవి. కొన్ని పోయినా కొన్ని దక్కేవి."

"వచ్చీ రాగానే ఏమిటే ఆ మాటలు!" అని అమ్మ కసిరింది. అక్క బట్టల సంచి విప్పకుండా సెలవు పొడిగించమని ఆఫీసుకి ఫోను చేసింది.

ముందు ఒక మూల పళ్ళెమంత మేర మొక్కలు ఒరిగాయి. మట్టిని ఆనుకున్న చోట కాండం దారంలా సన్నబడి, పైన ఆకు ఇంకా పచ్చగా ఉండగానే, నిద్రొచ్చినట్టు పక్కకి వాలిపోయాయి. నారుకుళ్ళు. మేం ఎరగని తెగులు కాదు. ఏటా ఎంతో కొంత తగులుతుంది, ఆ మేరకు తీసి పారేస్తాం. ఈసారి తీసి పారేసిన చోటు పక్కనే ఇంకో పళ్ళెం, దాని పక్కనే ఇంకోటి. మందు కొట్టాం, పొడి ఇసుక చల్లాం, నీళ్ళు మానేశాం. నాన్న మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కో మొక్కని గిల్లి చూసేవాడు. ట్రేలకి ట్రేలు బోసిపోయాయి. వెనక సంచివి ముందు పోయాయి, తర్వాత ముందు సంచివి. మట్టి వాసన మారిపోయింది.

చివరికి నాలుగైదు ట్రేలు దక్కాయి. నాన్న వాటిని మోసుకెళ్ళి, దారి వైపు గాజుని ఆనించి, ఒకే వరసలో పేర్చాడు. వెనకంతా వట్టి మట్టి. దారిన పోయేవాళ్ళకి మాత్రం గాజు వెనక పచ్చగా కనపడేది.

"నారెలా ఉందండీ?" అని బయటినించి కేకేస్తే, "బ్రహ్మాండం," అని లోపలినించి కేకేసేవాడు. ఆ మాట అన్నాక కాసేపు ఎవరి మొహమూ చూసేవాడు కాదు.

"ఆ గుంటలైనా పూడ్పించు నాన్నా," అంది అక్క. "వాన పడితే కొండంతా నీళ్ళు తాగుతుంది. నువ్వు ముట్టుకోకుండా వదిలేసి ఉంటే ఇంతకన్నా నయంగా ఉండేది."

"గుంటలు పూడిస్తే జనానికి తెలిసిపోదూ?"

అన్నాక ఆయనకే తన మాట వినపడ్డట్టుంది. చప్పున లేచి అవతలికి వెళ్ళిపోయాడు. అమ్మ చేతిలో పని ఆపి, ఆయన వెళ్ళిన వైపే చూస్తూ ఉండిపోయింది. మా నాన్న అంటే నాకు ప్రాణం. ఆ పూట మాత్రం అసహ్యం వేసింది. అది కూడా చెప్పుకోవాలి.

ఆఫీసరు రెండోసారి మనిషిని పంపాడు, బడి గదులు ఊడ్పించి పెట్టామని. పై వరుసలో ఎవరూ కదల్లేదు. "నర్సరీ ఆయన చెల్లెలే కదలట్లేదు, మాకేం?" అన్నారట. ఆ మాట విన్నాక నేను ఉండబట్టలేక అత్త ఇంటికి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను.

అత్త ఎవరిదో లంగాకి అంచు కుడుతోంది. కప్పు మీద రాళ్ళు పడుతున్నాయి. మునుపటి కంటే పెద్దవి పడుతున్నాయి. ఆవిడ దాని మీద వేళాకోళం మానేసి చాలా రోజులైందని అప్పుడు గమనించాను.

"అత్తా, నీకో మాట..."

"ఈ సూదిలో దారం ఎక్కించు ముందు. నాకు కళ్ళు ఆనట్లేదు."

ఎక్కించాను. "మొక్కల సంగతి..."

"మొక్కల సంగతి ఏదైనా ఉంటే మీ నాన్న చెప్తాడు. నువ్వు చెప్పకు." నా చేతిలోంచి సూది తీసుకుంది. "తల ఎందుకలా రేపుకుని తిరుగుతావు? ఇలా కూర్చో, జడ వేస్తాను."

జడ బిగించి వేసింది. చెప్పకుండానే వచ్చేశాను.

ఆ తర్వాత గాలి మారింది. మూడు రోజుల పాటు కొండ వెనక మబ్బు పేరుకుంటూ ఉంది, కురవదు, కదలదు. పక్షులు కూడా కాలిన మోళ్ళు వదిలేసి వాగుకి ఇవతలికి వచ్చాయి. మూడో రోజు మధ్యాహ్నం భోజనాలకి కూర్చున్నాం. ఉన్నట్టుండి అక్క కంచం పక్కకి తోసింది.

"నేను వెళ్ళి చెప్పేస్తున్నాను. తప్పంతా నా యంత్రానిదని చెప్తాను. నీ పేరు ఎత్తను. సరేనా?"

"యంత్రం తప్పేం ఉందే," అన్నాడు నాన్న. చెయ్యి కడుక్కుని, చొక్కా మార్చుకుని, చెప్పులు వేసుకున్నాడు. నన్ను రమ్మనలేదు, వద్దనలేదు. నేను వెనకే నడిచాను.

వంతెన దాటుతుండగా మొదటి చినుకు పడింది. పై వరుస ఎక్కేసరికి ఆయన ఆయాసపడుతున్నాడు. అత్త తలుపు తీసే ఉంది. గుమ్మంలోనే నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా, చెప్పాడు.

"మొక్కలు లేవే. అన్నీ పోయాయి. ఎప్పుడో పోయాయి. ముందు వరస చూపించి మిమ్మల్నందరినీ మోసం చేశాను."

అత్త మిషను చక్రం చేత్తో పట్టి ఆపింది. "నాకు తెలుసన్నయ్యా," అంది.

నాన్న చప్పున వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

"మొక్కలకి నీడబట్ట కుట్టమన్నావుగా. అది ఇద్దామని వెనక తలుపు నించి వచ్చాను. నువ్వు వట్టి ట్రేల మధ్య కింద కూర్చుని ఉన్నావు. చూసి వెళ్ళిపోయాను."

"చూసీ... చూసీ ఇక్కడే ఉన్నావా? ఈ కొండ కిందే?"

"నేను మూట సర్దుకుని దిగితే వీధంతా అడగదూ? నీ చెల్లెలే దిగిందంటే మొక్కలు పోయినట్టేగా. నీ మాట నా వల్ల పోవడమెందుకు, నువ్వే వచ్చి చెప్తావు కదా అని కూర్చున్నాను."

"రాకపోతే?" అన్నాడు నాన్న. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "నేను రాకపోతే ఏం చేసేదానివే?"

అత్త కుడుతున్న గుడ్డకి దారం పళ్ళతో కొరికి, మడత పెట్టింది. నాన్న గుమ్మం పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుని ఏడ్చాడు. కప్పు మీద చినుకులూ రాళ్ళూ కలిసి పడుతున్నాయి, ఏది ఏదో తెలియడం లేదు. అత్త ఆయన భుజం తట్టి, "లే. ముందు వాళ్ళకి చెప్పు," అంది.

ఆయన లేచి పక్కింటి తలుపు తట్టాడు. లోపల మధ్యాహ్నం నిద్రలో ఉన్న తాపీపని చేసే మనిషి కళ్ళు నులుముకుంటూ వచ్చాడు.

"నేను చెప్పింది అబద్ధం. మొక్కలు లేవు. పిల్లల్ని తీసుకుని దిగండి," అన్నాడు నాన్న.

ఆ మనిషి నవ్వాడు. "ఊరుకోండి పెద్దాయనా, నిన్న కూడా చూశాను, ఎంత పచ్చగా ఉందో. ఆఫీసరు గానీ మీ చేత చెప్పిస్తున్నాడా?"

"అబద్ధం బాబూ. నన్ను నమ్మకు."

"మిమ్మల్ని కాక ఎవర్ని నమ్ముతామండీ? అయినా మీ చెల్లెలు..." అంటూ మా వెనక్కి చూశాడు. వానలో, మిషను తల ఒక గుడ్డలో చుట్టి చంకన పెట్టుకుని, రెండో చేత్తో తన ఇంటి తలుపుకి తాళం వేస్తోంది అత్త.

అతని మొహంలో నవ్వు ఆగిపోయింది. ఇంకేం అడక్కుండా లోపలికి పరిగెత్తి, పిల్లల్ని పేరు పేరునా లేపడం మొదలుపెట్టాడు. నాన్న తర్వాతి తలుపు దగ్గరికి వెళ్ళాడు.